పిల్లవాణ్ణి బడిలో ఎప్పుడు వేయాలి?



వేసవి సెలవులు సగం గడిచేసరికి ప్రతి ఏటా మా గుమ్మంలోకి వచ్చే ప్రశ్న ఇది. ఈ ఏడు మే నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసిన తరువాత, మన సంఘానికి చెందిన ఒక యౌవన దంపతులు మా ఇంటికి వచ్చారు. అతడు రెండెకరాల సొంత పొలము, మూడెకరాల కౌలు చేసుకునే రైతు. ఆమె పది వరకు చదివింది. వారి కుమారునికి ఆగస్టులో మూడేళ్ళు నిండుతాయి. పట్నంలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నర్సరీ సీటు మాట్లాడుకున్నారట. ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. ఉదయం ఏడున్నరకు వ్యాను వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకు దింపుతుంది. ఫీజు, పుస్తకాలు, వ్యాను కలిపి నలభై వేలు దాటుతోంది. అందుకోసం పాడిగేదెను అమ్మాలనుకుంటున్నారు.

"మాస్టారూ, టీచరమ్మగారూ, మీరు చెప్పండి. ఇప్పుడు వేయకపోతే వాడు వెనకబడిపోతాడని అందరూ అంటున్నారు" అని ఆ అమ్మాయి అడిగింది.

ఆ గేదె పాలు తాగుతున్నది ఆ పిల్లవాడే. ఆ మాట వెంటనే అనలేకపోయాము. ఎందుకంటే ఒకప్పుడు మేము కూడా సరిగ్గా అలాంటి తొందరే పడ్డాము. మాలో ఒకరు ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలలో పనిచేశారు. మరొకరు అంతకాలమూ సండే స్కూలులో చిన్నపిల్లల తరగతి చూశారు. ఊళ్ళో పిల్లలందరి గురించి సలహాలు చెప్పే మేము, మా పెద్దబ్బాయి దగ్గరకు వచ్చేసరికి తడబడ్డాము. ఈ నెల ఆ సంగతి దాచకుండా చెప్పి, తరువాత మాకు తెలిసినది వ్రాస్తాము.

1988 జూన్‌లో మా అబ్బాయికి రెండేళ్ళ పది నెలలు. పట్నంలో ఒక బడి కొత్తగా పెట్టారు. టై, బూట్లు, మెడలో గుర్తింపు బిళ్ళ. చూడముచ్చటగా ఉండేది. మూడేళ్ళు నిండితేనే చేర్చుకుంటామన్నారు. ఏముంది, ఫారములో పుట్టిన సంవత్సరం 1985 బదులు 1984 అని వేశాము. వ్రాసింది మేమే, సంతకం పెట్టింది మేమే. ఆ బడివారు చెప్పారని తప్పు వారిమీద వేయలేము.

మొదటి నెల బస్సు ఎక్కేటప్పుడు ఏడ్చేవాడు. అందరు పిల్లలూ ఏడుస్తారులే అనుకున్నాము. ఆగస్టు వచ్చేసరికి, ఏడాదిగా పక్క తడపనివాడు మళ్ళీ తడపడం మొదలుపెట్టాడు. నిద్రలో ఇంగ్లీషు అక్షరాలు పలవరించేవాడు. పలకమీద ఒకే అక్షరం నూరుసార్లు వ్రాసుకు రమ్మనేవారు. చూపుడువేలు కమిలి ఉండేది. క్రిస్మసుకు బంధువులు వచ్చినప్పుడు వాణ్ణి బల్లమీద నిలబెట్టి ఇరవై ఆరు అక్షరాలూ చెప్పించాము. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం చివరి అక్షరం కాగానే దిగి, వాళ్ళమ్మ కొంగులో మొహం పెట్టుకున్నాడు. ఆ రోజున మాకు కనిపించింది చప్పట్లే.

తరువాత సంగతి మెల్లగా తెలిసింది. ఒకటో తరగతికి వచ్చేసరికి వానికి ఇంకా అయిదు నిండలేదు. మూడో తరగతిలో తీసివేతలో పక్కస్థానం నుండి అప్పు తెచ్చుకోవడం వానికి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఏడాది తరువాత అదే లెక్క వాడంతట వాడే చేశాడు. అంటే బుద్ధి లేక కాదు, వయసు రాక. కాని ఆ ఏడాదిలో "నువ్వు లెక్కల్లో మొద్దు" అన్న మాట ఎన్నిసార్లు విన్నాడో! ఆ మాట వానిలో ఉండిపోయింది. పదో తరగతి పరీక్షకు పద్నాలుగున్నర ఏళ్ళవాడు కూర్చున్నాడు. ఒక ఏడు కలిసివచ్చిందని మేము లోలోపల సంతోషించాము.

కలిసివచ్చిన ఆ ఏడు ఎక్కడ పోయిందో వినండి. పదో తరగతి సర్టిఫికెట్టు మీద 1984 పడింది. ఇక అది వానితోనే నడిచింది. కొన్నేళ్ళ తరువాత ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేయబోతే గరిష్ఠ వయోపరిమితి అయిదు నెలలు దాటిందన్నారు. నిజమైన వయసుకు ఇంకా ఏడు నెలల గడువు ఉంది. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. దరఖాస్తు మడిచి బీరువాలో పెట్టాడు. ఇప్పుడు వేరే ఉద్యోగంలో బాగానే ఉన్నాడు, కాని అందులోనూ పదవీ విరమణ కాగితాల ప్రకారం ఒక ఏడాది ముందుగానే వస్తుంది. ఫారములో ఒక అంకె మార్చడం చిన్న సంగతి అనుకునేవారు ఇది గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాము. జనన ధృవీకరణ పత్రంలో ఉన్నదే వ్రాయించండి.

ఇదంతా విని ఆ యువకుడు కొంచెం నవ్వి, "అప్పటి రోజులు వేరండీ. ఇప్పుడు బిడ్డ మెదడు ఆరేళ్ళలోపే ఎదిగిపోతుందని బడివాళ్ళే కాగితం మీద వేశారు" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని చెప్పింది. అయితే, ఎదిగే కాలం కాబట్టి మోయించాలని ఆ పత్రంలో ఎక్కడా లేదు. ఆటపాటల ద్వారా, చేతులతో చేయడం ద్వారా నేర్పమని ఉంది. మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే మెట్టుగా తీసుకుని, మొదటి మూడేళ్ళు అంగన్‌వాడీగాని శిశు తరగతిగాని, ఆ తరువాత ఒకటి, రెండు తరగతులు అని విభజించింది. ఆ లెక్కన ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ ఇదే మాట రాష్ట్రాలకు వ్రాసింది. మన తెలుగు ప్రాంతాల్లో అయిదు నిండితే ఒకటిలో వేయడం ఎన్నో ఏళ్ళ అలవాటు. అలవాటు ఒక్కరోజులో మారదు గాని, అయిదు కూడా నిండనివాణ్ణి ఒకటిలో కూర్చోబెట్టే తొందర మాత్రం మనకు మనమే తెచ్చుకున్నది. ఫిన్లాండు దేశంలో పిల్లలు ఏడో ఏట ఒకటో తరగతికి వెళ్తారు. అంతకుముందు ఒక ఏడాది బడికి అలవాటు చేసే తరగతి ఉంటుంది. ఆ దేశంవారు చదువులో వెనకబడినవారని ఎవరూ అనరు.

రైతుతో మాట్లాడుతున్నాం కదా అని నారుమడి మాట ఎత్తాము. లేత నారు పీకి నాటితే నిలుస్తుందా అని అడిగాము. అతడు మాకంటే తెలివైనవాడు. "శ్రీ పద్ధతిలో ఎనిమిది నుండి పన్నెండు రోజుల నారే నాటుతామండీ. అదే బాగా పిలకలు వేస్తుంది" అన్నాడు! మేము కాసేపు మాట తోచక కూర్చున్నాము. తరువాత అతన్నే అడిగాము: ఆ నారు ఎలా తీస్తారు, ఎలా నాటుతారు? అతడే చెప్పాడు. వేళ్ళు తెగకుండా, గింజ ఊడకుండా, మట్టితో సహా తీయాలి. వెంటనే నాటాలి. కుదురుకు ఒక్కటే మొక్క. మొక్కకు మొక్కకు 25 సెంటీమీటర్ల ఎడం. నీరు నిలవనీయకూడదు. అలా చెబుతూ చెబుతూ అతడే ఆగిపోయాడు. మీరు చూసివచ్చిన ఆ నర్సరీ గదిలో ఎంతమంది పిల్లలున్నారు బాబూ అని అడిగాము. నలభై అయిదుగురు, ఒక టీచరు అన్నాడు.

కాబట్టి లేత వయసులో ఇంటినుండి బయటికి పంపడమే తప్పు అని మేము అనడం లేదు. మూడేళ్ళ బిడ్డకు తోటిపిల్లల గుంపు కావాలి. అమ్మ కాని మరొక పెద్దమనిషి మాట వినడం, తన వంతు వచ్చేవరకు ఆగడం, తన ఆకలి తానే చెప్పుకోవడం ఆ వయసులో నేర్వవలసినవే. కాని ఎలాంటి చోటికి పంపుతున్నాము, ఎంతసేపు పంపుతున్నాము, అక్కడ బిడ్డచేత ఏమి చేయిస్తున్నారు అన్నదానిమీద అంతా ఆధారపడి ఉంటుంది.

కె.జి. అంటే ఏమిటని మేము చాలామంది తల్లిదండ్రులను అడిగి చూశాము. పుస్తకాల సంచి బరువును బట్టి ఆ పేరు పెట్టారేమో అని ఒక తాతగారు అన్నారు. నిజానికి కిండర్‌గార్టెన్ అన్నది జర్మను మాట. పిల్లల తోట అని అర్థం. ఆ పేరు పెట్టినవాడు ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. 1782లో ఒక లూథరన్ పాదిరిగారి ఇంట పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి చనిపోయింది. తల్లి ప్రేమ ఎరుగని ఆ మనిషే పెద్దయ్యాక, చిన్నపిల్లలకు తల్లి ఒడిలాంటి చోటు ఎలా ఉండాలా అని ఆలోచించాడు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న పట్నంలో పని మొదలుపెట్టి, 1840లో దానికి పిల్లల తోట అని పేరు పెట్టాడు. అక్కడ పిల్లల చేతికి ఇచ్చినవి పుస్తకాలు కావు. ఉన్నితో చేసిన మెత్తని బంతులు, చెక్క గుండు, చెక్క దిమ్మ, ఎనిమిది ముక్కలుగా విడదీసి మళ్ళీ కూర్చగలిగే దిమ్మ. పాటలు, వలయంగా నిలబడి ఆడే ఆటలు. పిల్లలు మొక్కలు పెంచుకోవడానికి తలా ఒక చిన్న మడి. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ తోటలను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో నిషేధం ఎత్తివేసేనాటికి ఆయన లేడు. ఇప్పుడు ఆ పేరు పెట్టుకున్న కొన్ని గదుల్లో పిల్లలు బల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంటే, ఆ మాటకు అర్థం చెప్పాలంటేనే మాకు సిగ్గుగా ఉంటుంది.

ఆయనకంటే ముందు మరొకరు ఉన్నారు. ఈ పత్రిక చదివే పల్లెటూరి కుటుంబాలకు ఆ సంగతి ఇంకా దగ్గరది. అల్జాస్ ప్రాంతపు కొండ పల్లెలలో 1767 నుండి ఓబర్లిన్ అనే లూథరన్ పాదిరిగారు సేవ చేశారు. నేల సారం లేనిది. జనం బీదవారు. తల్లిదండ్రులు పొలాలకు పోతే పసిపిల్లలు వీధిపాలయ్యేవారు. ఆ పల్లెల్లో సారా బాన్సే అనే రైతు కుటుంబపు యువతి ఇరుగుపొరుగు పిల్లలను పోగుచేసి, అల్లిక పని నేర్పుతూ కథలు చెప్పేది. ఓబర్లిన్ దానిని చూసి మెచ్చుకుని, ఆమెకు జీతమిచ్చి, మిగతా పల్లెల్లో కూడా అలాంటి గదులు పెట్టించారు. అల్లుకుంటూ పాటలు పాడేవారు. పువ్వుల పేర్లు, ఆకుల పేర్లు, పటాలు చూపించి కథలు చెప్పేవారు. సారా 1774లో చిన్న వయసులోనే చనిపోయింది. పాదిరిగారి ఇంట్లో పనికి చేరిన లూయీస్ షెప్లర్ అనే మరొక పల్లెటూరి అమ్మాయి ఆ పనిని ఎన్నో ఏళ్ళు నడిపింది. 1829లో ఫ్రెంచి అకాడమీవారు ఆమెకు బహుమతి ఇచ్చారు. శిశు విద్య అంటే పట్నంవారి ముచ్చట అనుకుంటాము గాని, అది పొలం పనికి పోయే తల్లి కోసం, ఒక పల్లెలో, చదువు పెద్దగా లేని ఒక అమ్మాయి చేతిలో ఇలా నడిచింది.

మన దేశంలోనూ పొలం పనికి పోయే తల్లికి ఆసరాగా ఒక ఏర్పాటు ఉంది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, అంటే మన ఊరి అంగన్‌వాడీ. గుడ్డు, పాలు, టీకాలు, బరువు తూచడం అందరికీ తెలుసు. ఆ పథకంలో చెప్పిన ఆరు సేవలలో మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు బడికి ముందు చదువు కూడా ఒకటి. ఆ ఒక్కటే మనం అడగము. అంగన్‌వాడీ బీదవాళ్ళకని కొంతమంది చిన్నచూపు చూస్తారు. కొన్నిచోట్ల నిజంగానే పని సరిగా జరగదు. ఆ టీచరుకు రిజిస్టర్లు నింపడంతోనే పొద్దు గడిచిపోతుంది. కాని తల్లులు వెళ్ళి కూర్చుని, "అమ్మా, తొమ్మిది నుండి పన్నెండు వరకు పిల్లలచేత ఏమి చేయిస్తున్నావు?" అని మర్యాదగా అడిగిన ఊళ్ళల్లో మార్పు రావడం మేము చూశాము. అడగడమే కాదు, వారానికి ఒకరోజు ఒక తల్లి వెళ్ళి కథ చెప్పినా చాలు.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "చిన్నపిల్లలను ఆరేళ్ళదాకా ఇంట్లోనే ఉంచండి" అని సలహా చెప్పడం సులువు. కూలికి పోయే తల్లికి ఆ సలహా ఎందుకూ పనికిరాదు. ఆమె చిన్నవాణ్ణి ఎవరి దగ్గర వదులుతుంది? పెద్దకూతురి దగ్గర. అంటే ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల తన బడి మానుకుని తమ్ముణ్ణి చంకనెత్తుకుంటుంది. మాలో ఒకరి తరగతి గదిలో హాజరు పట్టీ తీస్తే, పత్తి ఏరేరోజుల్లో, నాట్ల రోజుల్లో ఆడపిల్లల పేర్ల ఎదుట సున్నాలు వరుసగా ఉండేవి. ఊళ్ళో చిన్నపిల్లలకు ఒక మంచి చోటు ఉంటే బాగుపడేది ఆ చిన్నవాడొక్కడే కాదు.

ఇక ఆ చోటు ఎలా ఉండాలి? మొదటిమాట దూరం. మూడేళ్ళ బిడ్డ ఏడిస్తే అమ్మగాని నానమ్మగాని నడిచి వెళ్ళగలిగినంత దగ్గర ఉండాలి. పద్నాలుగు కిలోమీటర్ల వ్యాను ప్రయాణం పెద్దవారికే అలసట. రెండవది పొద్దు. మూడు గంటలు చాలు, మహా అయితే నాలుగు. 2013లో కేంద్ర ప్రభుత్వం శిశు సంరక్షణ విద్య గురించి ఒక విధానం ప్రకటించింది. అందులోనూ మూడు, నాలుగు గంటలే చెప్పారు. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలు ఇరవైమందికి ఒక పెద్దమనిషి ఉండాలన్నారు. నలభై అయిదుగురిని ఒక్కరు చూడాలంటే కదలకుండా కూర్చోబెట్టడం తప్ప ఆమె మాత్రం ఏమి చేయగలదు? చేతిలో బెత్తం చూసి ఆ టీచరును తిట్టుకుంటాము గాని, అంతమందిని ఆమె మీద వేసినవారిని అడగము.

ఆ మూడు గంటల్లో చేయవలసిన వాటికి ఖర్చు పెద్దగా లేదు. వచ్చీ రాగానే పాటలు, చేతులూ కాళ్ళూ ఆడించే ఆటలు. తరువాత ఇసుక, నీళ్ళు, బంకమట్టి. చింతపిక్కలు, సీతాఫలం గింజలు, శంఖుపూలు, రకరకాల ఆకులు వేరుచేసి కుప్పలు పెట్టడం. వడ్రంగి దగ్గర పనికిరాని చెక్కముక్కలు ఉంటాయి. వాటి అంచులు నున్నగా చిత్రికపట్టిస్తే ఇల్లు కట్టుకోవడానికి అవే చాలు. (గుజ్జనగూళ్ళు ఆడుకునే పిల్లలను ఆటలు కట్టిపెట్టి చదువుకోమంటాము. ఎవరికి ఎంత వడ్డించాలో, ఎన్ని ఆకులు వేయాలో లెక్కపెట్టడం చదువు కాదా?) మధ్యలో ఏదైనా తినడం, చేతులు కడుక్కోవడం. ఆ తరువాత ఒక కథ. కథ రోజూ ఉండాలి, ఒకే కథ పదిసార్లు అడిగినా చెప్పాలి. చివర కాసేపు నడుం వాల్చడం. నీళ్ళ వసతి ఉన్న, పిల్లలు భయపడకుండా వెళ్ళగలిగే మరుగుదొడ్డి తప్పకుండా ఉండాలి. బడి చూడబోయినప్పుడు కంప్యూటరు గది చూస్తారు గాని దీన్ని ఎవరూ చూడరు. మీరు మొదట అదే చూడండి.

భాష సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు, దాహం వేస్తోంది అన్న మాట కూడా పరాయిభాషలో చెప్పాలని పెడితే వాడు దాహంతోనే కూర్చుంటాడు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే గదులు ఉన్నాయని విన్నాము. ఇంగ్లీషు వద్దని మేము అనము, మా పిల్లలు కూడా నేర్చుకున్నారు. పాటలుగా, మాటలుగా విననివ్వండి. కాని మొదట ఒక భాషలో కడుపునిండా మాట్లాడనివ్వాలి.

వ్రాత సంగతి అన్నిటికంటే ముఖ్యం. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ళ బిడ్డకు రెండో మూడో గట్టిపడి ఉంటాయి. ఆరేళ్ళ ప్రాంతానికి చాలావరకు వస్తాయి, చివరిది ఇంకా ఆలస్యం. అలాంటి చేతికి సన్నని పెన్సిలు ఇచ్చి నాలుగు గీతల పుస్తకంలో పేజీలు నింపమంటే అది చదువు ఎలా అవుతుంది? మా అబ్బాయి కమిలిన వేలు ఇప్పటికీ మాకు కళ్ళముందు కనిపిస్తుంది. మొదట బంకమట్టి పిసకనివ్వండి, పూసలు గుచ్చనివ్వండి, చిక్కుడుకాయలు ఒలవనివ్వండి. నేలమీద సుద్దముక్కతో పెద్దపెద్ద సున్నాలు చుట్టనివ్వండి. అక్షరం చేతికి రాకముందు చెవికి రావాలి. "మ" శబ్దంతో మొదలయ్యేవి ఏమున్నాయి అంటే మామిడి, మంచం, మేక అని పిల్లలు ఆటగా చెబుతారు. అయిదు దాటి, వాడంతట వాడే "ఇక్కడ ఏమి వ్రాసింది?" అని అడిగేనాడు అక్షరం చూపించండి. అప్పుడు నూరుసార్లు వ్రాయించనక్కరలేదు. ఇంటిపని అన్నది ఈ వయసుకు అసలే వద్దు.

ప్రవేశ పరీక్షల గురించి ఒక్కమాట. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల చదువుల భారం గురించి నివేదిక ఇచ్చినప్పుడే, నర్సరీలో చేర్చుకోవడానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు తీసివేయాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో చేర్చుకోవడానికి బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించడం నేరమని, జరిమానా ఉంటుందని వ్రాసింది. మూడేళ్ళవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి రంగుల పేర్లు అడిగే బడి ఏదైనా ఉంటే, అక్కడినుండి లేచి రావడమే మంచిది.

ఆ యువకుని తల్లి కూడా వారితో వచ్చింది. మాటల మధ్య ఆమె, "హన్నా సమూయేలును పసితనంలోనే మందిరానికి ఇచ్చేసింది కదయ్యా" అన్నది. నిజమే. అయితే ఆ అధ్యాయం మళ్ళీ చదివి చూడమన్నాము. భర్త ఇంటివారందరితో షిలోహుకు బయలుదేరిన ఏడు హన్నా వెళ్ళలేదు. బిడ్డ పాలు విడిచేవరకు ఆగుతానన్నది. ఎల్కానా కూడా, నీకు మంచిదని తోచినట్లే చేయమన్నాడు. మ్రొక్కుకున్న తల్లి కూడా బిడ్డ సిద్ధపడేవరకు ఆగింది. ఆమె "అవునుసుమా" అని కోడలివైపు చూసింది.

ఒక విన్నపం మన సంఘాల పెద్దలకు కూడా. మన ఆరాధన మందిరాలు, సండే స్కూలు గదులు సోమవారం నుండి శనివారం వరకు చాలాచోట్ల తాళం వేసి ఉంటాయి. చాప, ఇసుక తొట్టి, నీళ్ళ బిందె, చెక్కముక్కలు, ఓపిక గల ఇద్దరు స్త్రీలు ఉంటే ఉదయం మూడు గంటలు ఊరి పిల్లలందరికీ, మన సంఘమా కాదా అని చూడకుండా, నడపవచ్చు. అంగన్‌వాడీ బాగా నడిచే ఊళ్ళో దానికి పోటీ పెట్టకండి, దానికే తోడ్పడండి. ఇంకొక మాట నొప్పి కలిగించినా చెప్పాలి. ఇలాంటిది మొదలుపెట్టి రెండేళ్ళు తిరగకుండానే ఇంగ్లీషు మీడియం బోర్డు తగిలించి, ఫీజులు పెంచి, అదే నలభై అయిదుగురి గది చేసిన చోట్లు మన మధ్యలోనే ఉన్నాయి. అలా చేసేటట్లయితే తాళం అలాగే ఉండనివ్వండి.

మా రెండవ సంతానం అమ్మాయి. పెద్దవాని అనుభవంతో ఆమెను నాలుగున్నర దాకా ఇంట్లో ఉంచి, తరువాత మా వీధి చివర వేపచెట్టు కింద ఒక అమ్మాయి నడిపే బాలవాడికి పంపాము. ఆరు నిండాక ఒకటో తరగతి. ఆమె కూడా ఒకటో తరగతిలో నెల రోజులు ఏడ్చింది! కాబట్టి సరైన వయసులో వేస్తే కష్టమే ఉండదని మేము చెప్పము. కాని ఎందుకు ఏడుస్తోందో ఆమె చెప్పగలిగింది. పక్కపిల్ల పలక లాక్కుంటోందట. పెద్దవాడు మూడేళ్ళప్పుడు అది కూడా చెప్పలేకపోయాడు.

వారం తరువాత ఆ దంపతులు మళ్ళీ కనిపించారు. ఈ ఏడు గేదెను అమ్మడం లేదు. అమ్మాయి అంగన్‌వాడీకి వెళ్ళి రెండు ఉదయాలు కూర్చుని చూసి వచ్చిందట. "కథలు చెప్పడం లేదమ్మా, నేను చెప్తానన్నాను" అన్నది. అతనికి మాత్రం ఇంకా సందేహమే. తోడల్లుడి కొడుకు టై కట్టుకుని వ్యాను ఎక్కుతుంటే తన కొడుకు చెడ్డీతో ఇసుకలో ఆడుతుంటాడేమో అని బెంగ. పైగా సీటు కోసం కట్టిన రెండు వేల అడ్వాన్సు తిరిగి ఇవ్వరట. వచ్చే ఏడు మళ్ళీ ఆలోచిద్దాం అని ఇద్దరూ ఒక మాట అనుకున్నారు.

మీ ఊరిలో అంగన్‌వాడీగాని, మందిరంలో ఉదయపు బడిగాని బాగా నడుస్తూ ఉంటే మాకు ఉత్తరం వ్రాయండి. ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు, ఎన్ని గంటలు, ఖర్చు ఎలా సర్దుకుంటున్నారు అన్నవి వివరంగా వ్రాస్తే రాబోయే నెలల్లో ఈ పేజీలో మిగతావారితో పంచుకుంటాము. సరిగా నడవక ఆగిపోయినా వ్రాయండి. ఎక్కడ ఆగిందో తెలిస్తే మరొక ఊరివారికి ఉపయోగపడుతుంది.